దోహాలో ఎక్కేవాళ్లతో మాట్లాడి చూడు

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: మూడేళ్ల తర్వాత మొదటిసారి ఇంటికి వెళ్తున్నావు. డల్లాస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్, తోడెవరూ లేరు. విమానంలో చాలామంది తెలుగువాళ్లే ఉంటారని తెలుసు, కానీ ఎవరికి వాళ్లు చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకుని కూర్చుంటారు. పక్కవాళ్లతో మాట కలపడం ఎలా, కలిపినా ఆ పరిచయం దిగాక నిలుస్తుందా అని.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. మాది జగిత్యాల వైపు. దుబాయ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ టైమ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండే మావాళ్లు లీవు మీద ఊరికి పోతుంటే వాళ్ల మధ్యలో కూర్చుని పోయేవాణ్ని, వాళ్లతోనే తిరిగొచ్చేవాణ్ని. ఇప్పుడు రిటైరయ్యాను. కూతురూ అల్లుడూ డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. మనవడి కోసం నేనూ మా ఆవిడా నువ్వెక్కబోయే దారిలోనే అటూ ఇటూ తిరుగుతున్నాం. అలా రెండు రకాల తెలుగు ప్రయాణికుల పక్కనా కూర్చున్నవాణ్ని.

నా సలహా ఒక్క ముక్కలో చెప్తాను, తర్వాత వివరంగా రాస్తాను. డల్లాస్‌లో ఎక్కినప్పుడు పెద్దగా ప్రయత్నించకు. దోహాలో ఎక్కేవాళ్ల కోసం ఓపిక దాచుకో.

మొదటి విమానం ఎందుకు వద్దంటున్నానంటే, అది పద్నాలుగు పదిహేను గంటల ప్రయాణం. ఎక్కేవాళ్లంతా ముందు రాత్రి నిద్రలేకుండా వస్తారు. సూట్‌కేసు 23 కిలోలు దాటిందని బాదం ప్యాకెట్లు తీసి, విటమిన్ డబ్బాలు పెట్టి, మళ్లీ తూచి, మళ్లీ తీసి, ఎయిర్‌పోర్టులో కౌంటర్ ముందు నేల మీద పెట్టె విప్పి వచ్చినవాళ్లు. వాళ్లకి కావలసింది భోజనం, దుప్పటి, చీకటి. భోజనాలు అయ్యాక సిబ్బంది దీపాలు తగ్గించేస్తారు. ఆ తర్వాత గుసగుస కూడా పెద్ద చప్పుడే.

రెండో కారణం, ఆ విమానంలో నీ పక్కన కూర్చునేది చాలావరకు నీలాంటివాడే. మీ ఇద్దరి మధ్య నడిచే మాటలు నేను నిద్రలో కూడా అప్పజెప్పగలను. ఎక్కడ పని, ఏ క్లయింటు, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అయిందా, ఆ వరసలో ప్రయారిటీ డేట్ ఎంత, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఉందా, హైదరాబాద్‌లో స్లాటు దొరికిందా. ఇరవై నిమిషాల్లో ఇద్దరికీ గుండె దడ మొదలవుతుంది, ఇద్దరూ హెడ్‌ఫోన్లు తీసుకుంటారు. ఒకరి తప్పూ లేదు. స్టాంపింగ్‌కి పోతున్నవాణ్ని ఎవరూ ఆ మాట అడగకుండా ఉంటే అదే పెద్ద ఉపకారం, అది మాత్రం గుర్తుంచుకో.

అయితే మొదటి విమానంలో కూడా నువ్వు తప్పకుండా పలకరించాల్సినవాళ్లు కొందరుంటారు. ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి ఒంటరిగా తిరిగి పోయే పెద్దవాళ్లు. గుర్తుపట్టడం తేలికే. చీర మీద స్వెట్టరు, కాళ్లకు మేజోళ్లు, మెడలో ప్లాస్టిక్ కవరు, అందులో కొడుకు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం: ఈమెకు ఇంగ్లీషు రాదు, హైదరాబాద్ వెళ్లాలి, శాకాహారి. వీల్‌చెయిర్‌లో వస్తారు. నడవలేక కాదు, దోహాలో దారి తప్పిపోతారేమోనని పిల్లలు ముందే రాయించి పెడతారు.

ఒకసారి మా వరుసలో నరసరావుపేట వైపు పెద్దావిడ కూర్చుంది. ఆమె పళ్లెం అందరికంటే ముందే వచ్చింది, ప్రత్యేకంగా చెప్పిన భోజనాలు అలాగే ముందు ఇస్తారు. మూత కొంచెం లేపి చూసి, మళ్లీ మూసేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏమైందని మా ఆవిడ అడిగితే చెప్పింది. "మా పెద్దోడు ఆ కంప్యూటర్లో హిందూ భోజనం అని ఉంటే అదే మనదనుకుని నొక్కాడమ్మా. ఇందులో కోడి ఉంది." విమానాల లెక్కలో హిందూ మీల్ అంటే గొడ్డుమాంసం లేనిదని మాత్రమే అర్థం, కోడో మేకో చేపో ఉండొచ్చు. శుద్ధ శాకాహారం కావాలంటే ఏషియన్ వెజిటేరియన్ అని పెట్టాలి, అదీ కనీసం ఒక రోజు ముందు. ఈ సంగతి తెలియక ఎంతమంది తల్లులు డల్లాస్ నుంచి దోహా దాకా బ్రెడ్డు ముక్క మీద వస్తున్నారో. మా ఆవిడ తన పళ్లెంలో పప్పు ఆమెకిచ్చింది. ఆమె చేతిసంచీలోంచి సున్నుండల డబ్బా తీసింది. కోడలి కోసం చేస్తే, షుగర్ వస్తుందని కోడలు తినలేదట, మిగిలినవి వెనక్కి తీసుకుపోతోంది. ఆ డబ్బా ఖాళీ అయ్యేసరికి ఇద్దరూ వియ్యపురాళ్లలాగా మాట్లాడుకుంటున్నారు.

పెద్దవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. సాయం చేస్తున్నానని మొత్తం నువ్వే నడిపించకు. బాత్రూమ్ తలుపు మధ్యలో నొక్కితే మడత పడుతుందని ఒకసారి చూపించు, బెల్టు ఎలా విప్పాలో చూపించు, తర్వాత వదిలెయ్యి. ఆరు నెలలుగా ఇంట్లో ప్రతి స్విచ్చీ ఎవరో ఒకరు చూపిస్తుంటే విని విని ఉంటారు. వాళ్లని ఏదైనా అడుగు. మామిడికాయ ముక్కల పచ్చడి ఎందుకు బూజు పడుతుందో, మీ అమ్మకి ఏం చీర కొంటే నచ్చుతుందో. అడిగించుకోవడం వాళ్లకి చాలా రోజులైంది. పిలుపు దగ్గర కూడా చూసుకో, ఆంటీ అంటే కొందరు ముడుచుకుంటారు, అమ్మా అంటే అందరూ పలుకుతారు.

ఇంక దోహా. అక్కడి ఎయిర్‌పోర్టులో నడి హాలులో పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, మనవాళ్లంతా దాని కిందే ఫోటోలు దిగుతారు. అక్కణ్నుంచి హైదరాబాద్ గేటు వైపు నడుస్తుంటే ఒకచోట మలుపు తిరగ్గానే తెలుగు వినిపించడం మొదలవుతుంది. అక్కడ రెండు కాలవలు కలుస్తాయి. ఒకటి అమెరికా నుంచి, యూరప్ నుంచి వచ్చినవాళ్లు. రెండోది ఖతర్‌లోనే పనిచేసేవాళ్లు, కువైట్ నుంచో సౌదీ నుంచో విమానం మారేవాళ్లు. సిరిసిల్ల, ఆర్మూరు, నిర్మల్, కోరుట్ల, ఇటు రాయచోటి, రాజంపేట, కోనసీమ.

కలుస్తాయన్నానా, కలవవు. పక్కపక్కనే ఉండిపోతాయి. అమెరికావాళ్లు చార్జింగ్ పాయింట్లున్న కుర్చీల్లో ఒక పక్క. గల్ఫ్‌వాళ్లు గంట ముందే గేటు ముందు లైను కట్టి ఇంకో పక్క. ఎవరినీ పిలవకముందే ఎందుకీ తొక్కిసలాట అని కుర్చీల్లోంచి విసుక్కోవడం చాలాసార్లు విన్నాను. నేను టైమ్ ఆఫీసులో కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నా. తెల్లవారుజామున నాలుగున్నరకి క్యాంపు గేటు ముందు బస్సు ఆగుతుంది. లైనులో ముందున్నవాడికి సీటు, వెనకున్నవాడికి నిలబడే చోటు, లేటయినవాడికి ఆ రోజు హాజరు పడదు. హాజరు పడకపోతే ఆ రోజు జీతం కట్. అట్లాంటి బతుకు ఏళ్ల తరబడి బతికినవాడు గేటు కనబడితే కుర్చీలో కూర్చోలేడు.

ఇద్దరూ పోయేది ఒక్క ఊరికే. ఇద్దరి ఇళ్లల్లోనూ ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. అయినా నాలుగు గంటల పైచిలుకు ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా దిగిపోతారు. సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఏం మాట్లాడాలో తెలియదు. గల్ఫ్ మనిషి, సారు ఏమనుకుంటాడో అని మాట్లాడడు. మా అల్లుడు ఒకసారి ఒక పరిశోధన చూపించాడు. షికాగో యూనివర్సిటీలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అని ఇద్దరు 2014లో అచ్చువేశారు. లోకల్ రైళ్లలో వెళ్లేవాళ్లలో కొందర్ని పక్కవాళ్లతో మాట్లాడమన్నారు, కొందర్ని నోరు మూసుకుని కూర్చోమన్నారు. మాట్లాడితే ప్రయాణం చిరాగ్గా ఉంటుందని జనం ముందు ఊహించారు, తీరా చూస్తే మాట్లాడినవాళ్లకే ప్రయాణం బాగా గడిచింది. అవతలివాడికి మాట్లాడడం ఇష్టం లేదని ప్రతివాడూ అనుకోవడమే అసలు అడ్డంకి అని వాళ్లు తేల్చారు. దోహా గేటు దగ్గర నిలబడి చూస్తే నాకు అదే కనబడుతుంది, కాకపోతే ఇక్కడ మధ్యలో జీతం తేడా కూడా ఉంది.

కాబట్టి మొదటి మాట నువ్వే ఆడాలి. చాలామంది నీతో హిందీలో మొదలుపెడతారు, గల్ఫ్‌లో పరాయివాడితో మాట్లాడే భాష అదే కాబట్టి. నువ్వు తెలుగులో జవాబివ్వు. వెంటనే "మీరు తెలుగా సార్?" అంటారు. ఆ సార్‌ని అక్కడే ఆపెయ్యి. "సార్ ఏందన్నా, ఏ ఊరు మనది?" అనేస్తే సరి, గుంటూరు యాసలో అన్నా పర్వాలేదు. మొదట కరీంనగర్ అనో నిజామాబాద్ అనో చెప్తారు. అది ఊరు కాదు, నీకు తెలిసి ఉంటుందని చెప్పిన పేరు. అక్కడ వదిలెయ్యకు.

"కరీంనగర్ల ఎక్కడన్నా?"

"మల్యాల కాడ."

"అంటే కొండగట్టు దగ్గరనే కదా."

అంతే, ఇంక నువ్వేం చెయ్యనక్కర్లేదు. అంజన్న గుడికి ఎన్నిసార్లు నడిచిపోయాడో, బిడ్డ పుట్టువెంట్రుకలు ఎప్పుడు తీయించాలో, అన్నీ వస్తాయి. కాబట్టి ఎక్కే ముందు కొంచెం పాఠం చదువుకో. ధర్మపురి, వేములవాడ, కొండగట్టు ఎక్కడెక్కడున్నాయో, సిరిసిల్లలో మరమగ్గాలు, ఆర్మూరులో పసుపు. కువైట్ నుంచి వచ్చే ఆడవాళ్లయితే రాయచోటి, రాజంపేట, లేకపోతే గోదావరి జిల్లాలు. వాళ్లలో చాలామంది అరబ్బుల ఇళ్లల్లో ఖద్దామాలుగా, అంటే పనిమనుషులుగా చేసినవాళ్లు, రెండేళ్లో మూడేళ్లో ఒక్క ఇంటి నాలుగు గోడల మధ్య ఉండి వస్తారు. నువ్వు మగపిల్లాడివి, వాళ్లతో పలకరింపు అక్కా అని ఒక్క మాట, సంచి పైన పెట్టడం, అంతవరకే. వాళ్లకి మాట్లాడాలనిపిస్తే వాళ్లే మొదలుపెడతారు, ఇంక ఆపరు.

వెనకటికి మాట కలపడానికి ఒక మంచి కాగితం ఉండేది. దిగే ముందు ఇమిగ్రేషన్ కార్డులు పంచేవాళ్లు. మావాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రాయడం రాదు, విమానం మొత్తానికి నాలుగు పెన్నులుండేవి. నేను పెన్ను తీశానంటే ముందు వరుస, వెనక వరుస, అటు పక్క వరుస, అన్ని పాస్‌పోర్టులూ నా ఒళ్లో పడేవి. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ. చాలామందికి పుట్టిన తేదీ జూన్ నెలలోనే, బడిలో వేసిననాడు పంతులు రాసిన తేదీ అది. కార్డు నింపేసరికి మనిషి పూర్తిగా తెలిసిపోయేవాడు, తర్వాత అడగాల్సింది ఏమీ మిగిలేది కాదు. మన దేశ పౌరులకి వచ్చేటప్పటి కార్డు 2014లో తీసేశారు, పోయేటప్పటిది 2017 జూలై 1 నుంచి లేదు. పనికి సులువైంది, కాదనను. కానీ ఆ వరుసలో చదువుకున్నవాడికి చదువురానివాడితో మాట్లాడే అవసరం దాంతోపాటే పోయింది.

ఇప్పుడు ఆ పెన్ను స్థానంలో ఫోను వచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చేవాడి ఇండియా సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. శంషాబాద్‌లో వైఫై కావాలంటే ఆ నంబరుకే ఓటీపీ రావాలి. బయట తమ్ముడో బావమరిదో బండి పట్టుకుని నిలబడి ఉంటాడు, ఏ గేటు దగ్గరో తెలియదు. నీ అమెరికా సిమ్ రోమింగ్‌లో పనిచేస్తే హాట్‌స్పాట్ ఇవ్వు, లేదా నంబరు చెప్పమని నువ్వే కలిపి స్పీకర్ పెట్టు. ఫోను చేతికివ్వడం కంటే అది మేలు, ఇద్దరికీ.

మాటల్లో పడ్డాక ఏం వింటావో ఒకటి చెప్తాను. మొన్నీమధ్య నా పక్కన కూర్చున్నతను ఫోనులో ఒక వీడియో చూపించాడు. కొత్తగా కట్టుకున్న ఇల్లు. ముగ్గు పోసిన రోజు నుంచి స్లాబ్ దాకా, స్లాబ్ నుంచి సున్నాల దాకా అన్నీ వాట్సాప్‌లోనే చూశాడు, ఇంకా లోపల అడుగు పెట్టలేదు. వంటింట్లో ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. "ఈ టైల్స్ ఎట్లున్నయన్నా? నేను తెల్లయి అన్న, మా ఆమె గోధుమరంగు ఏయించింది." బాగున్నాయి, మరక కనబడదు అన్నాను. "నల్లా కూడా ఎడమ దిక్కు పెట్టిండు, నేను కుడి దిక్కు చెప్పిన." ఆ నల్లా మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. అప్పు ఎంతుంది, మిత్తి ఎంత అని నేనడగలేదు, అతనే చెప్పుకొచ్చాడు, నూటికి రెండు రూపాయల లెక్కన. ఇన్ని మాటలు పైకి ఎలా చెప్తారంటే, ఇంజను హోరు ఒక కారణం. విమానంలో ఎనభై డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది, పక్కవాడికి తప్ప ముందు వరుసకి వినబడదు. రెండో కారణం, నువ్వు వాళ్ల ఊరివాడివి కావు. రేపు వాళ్ల బావతో చెప్పవు.

అడగకూడనివి కూడా ఉన్నాయి. ఎందుకు వచ్చేస్తున్నావు అని మాత్రం అడగకు. లీవు మీద వచ్చేవాడు తనే చెప్తాడు, మళ్లీ ఎప్పుడు పోవాలో కూడా చెప్తాడు. చెప్పనివాడి చేతిలో పాస్‌పోర్టు కాకుండా ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్, అంటే ఇంటికి పోవడానికి మాత్రం పనికొచ్చే కాగితం ఉండొచ్చు. కంపెనీ నుంచి పారిపోయి ఖల్లివెల్లిగా, అంటే కాగితాలు లేకుండా ఏళ్లు తిరిగి, అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినప్పుడు బయటపడ్డవాళ్లుంటారు. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి లేక, జీతం బాకీ వదులుకుని, చేతిసంచీతో వస్తారు. 2024లో యూఏఈ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు దుబాయ్ విమానాల్లో అట్లాంటివాళ్లు కనబడేవాళ్లు. దుప్పట్లు, నిడో పాలపొడి డబ్బాలు, టైగర్ బామ్‌లు ఏమీ లేకుండా ఇంటికి పోతున్నవాడికి లగేజీ ఎంతుంది అని అడిగినా నొప్పే.

ఒకతను భోజనం ముట్టుకోలేదు, నీళ్లు కూడా వద్దన్నాడు. నేను పలకరించి ఊరుకున్నాను. గంట తర్వాత తనే చెప్పాడు, రూమ్మేటు శవాన్ని తీసుకుపోతున్నానని, కింద కార్గోలో ఉందని. అప్పుడు నాకు తెలిసినవి చెప్పాను. శంషాబాద్ నుంచి ఊరి దాకా తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ ఇస్తుంది, దానికి ముందే చెప్పి ఉండాలి. వాళ్ల బంధువులు చెప్పే ఉన్నారట. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది, 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకి వర్తిస్తుంది, దరఖాస్తు కలెక్టరుకి పెట్టుకోవాలి. అది అతనికి తెలియదు. డెత్ సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఈ రెండూ ఎవరికీ ఒరిజినల్ ఇచ్చెయ్యొద్దన్నాను. ఒక కాగితం మీద రాసిస్తే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఓదార్పు మాటలు నేనేం చెప్పలేదు. ఆ ఇంటివాళ్లకి డబ్బు వచ్చాక ఫోను చేశాడు, ఇప్పటికీ చేస్తుంటాడు. ఇట్లాంటివి నీకు తెలిసి ఉండడం మంచిది, అందుకే రాశాను.

నిన్ను అడిగేవాటి సంగతి. మనవాళ్లు రెండో ప్రశ్నలోనే ఇంటిపేరు అడుగుతారు, అది దేనికోసమో నీకూ తెలుసు. మూడోది ప్యాకేజీ, నాలుగోది పెళ్లి. కోపం తెచ్చుకోకు, జవాబూ చెప్పకు. ఊరి పేరు చెప్పి వెంటనే ఎదురు ప్రశ్న వెయ్యి: "మాది తెనాలి పక్కనండీ, మీదెక్కడ?" ఊరి పేరు దొరికితే చాలామంది దాని వెంట పోతారు. పోనివాళ్లు ఉంటే సినిమా పెట్టుకో. కులం ఆరా తీసి మొదలయ్యే స్నేహాలు నేను చూశాను, విమానం దిగేలోపే ఆ వరుసలో ఎవరు ఎవరితో మాట్లాడాలో పంపకాలు అయిపోతాయి.

ఇంకా ఒక విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఎంత బాగా కలిసిపోయినా ఎవరి సంచీ నువ్వు పట్టుకోవద్దు. "తమ్మీ, లగేజీ బెల్టు దాటేదాకా ఈ బ్యాగు నీ దగ్గర ఉంచు" అంటే నవ్వుతూనే కాదను. ఏడాది పైన విదేశంలో ఉండి వచ్చే మగవాళ్లకి 20 గ్రాముల నగలు, ఆడవాళ్లకి 40 గ్రాములు డ్యూటీ లేకుండా తేవచ్చు. అంతకు మించి తెచ్చేవాళ్లు పక్కవాళ్ల వాటా వాడుకోవాలని చూస్తారు. కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటే సంచీ ఎవరి చేతిలో ఉంటే వాడిదే కేసు. తిరుగు ప్రయాణంలో ఇంకా జాగ్రత్త. ఫలానావాళ్లకి ఈ పచ్చడి సీసా ఇవ్వండి, ఈ మందులు ఇవ్వండి అని ఎయిర్‌పోర్టులో పరిచయమైనవాళ్లు ఇస్తే తీసుకోవద్దు. మనం కూరలో వేసుకునే గసగసాలు కూడా ఖతర్, యూఏఈల్లో మాదకద్రవ్యం కింద లెక్క, వాటివల్ల జైల్లో పడ్డవాళ్లున్నారు. నిజంగా స్నేహం కోరినవాడు నువ్వు కాదన్నందుకు మొహం ముడుచుకోడు.

మీ చెల్లెలు కూడా ఇదే దారిలో ఒంటరిగా రాబోతోందని రాశావు. ఆడపిల్లలకి నా మాట వేరు. పక్క సీటువాడు తాగి ఉన్నా, మోచెయ్యి హద్దు దాటినా సర్దుకుపోవద్దు. లేచి వెనక వంటగది దగ్గరికి పోయి సిబ్బందికి చెప్తే సీటు మారుస్తారు. దిగే చోటు, ఇల్లు, ఎవరొస్తున్నారు అన్న వివరాలు ఎంత మంచివాళ్లకైనా చెప్పనక్కర్లేదు. మాట్లాడాలనుకుంటే ఆ వంటగది పక్కనే మంచి చోటు. దూర ప్రయాణాల్లో కాళ్లు పట్టేసినవాళ్లు అక్కడికొచ్చి నిలబడతారు. నచ్చకపోతే సీటుకి వెళ్లిపోవచ్చు. పక్క సీటులో ఆ సౌకర్యం లేదు.

ఇక ఆ పరిచయం నిలుస్తుందా అన్నావు. చాలావరకు బెల్టు దగ్గరికే. చక్రాలు నేలకి తగలగానే అందరూ లేచి నిలబడతారు, ఫోన్లు మోగుతాయి, అప్పటిదాకా నీతో నల్లా గురించి మాట్లాడినవాడు నీ మొహం కూడా చూడడు. బాధపడకు. అతని బిడ్డ బయట నిలబడి ఉంది. నంబరు అడగాలంటే ఏదో పని మిగిలి ఉండాలి. పంపుతానన్న ఫోటో, రాసిస్తానన్న ఫోను నంబరు, చూస్తానన్న సంబంధం. ఊరికే తీసుకున్న నంబర్ల నుంచి రెండు నెలలు గుడ్ మార్నింగ్ బొమ్మలు వస్తాయి, తర్వాత రావు. అందులో పోయిందేమీ లేదు. నాకు మిగిలినవాళ్లు కొద్దిమందే. ఆర్మూరు వైపు ఒకతను వీసా అయిపోయాక మళ్లీ పోలేదు, ఊళ్లోనే పసుపు వేసుకుంటున్నాడు. ఏటా రెండు కిలోలు దంచి పంపిస్తాడు, డబ్బులు పంపితే తిరిగి కొడతాడు. మా ఆవిడ అతని పిల్లలకి అమెరికా నుంచి రంగు పెన్సిళ్లు తెస్తుంది. వాళ్లింటికి మేం ఒక్కసారే పోయాం.

దిగాక చేయగలిగింది ఇంకొకటుంది. గల్ఫ్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోపు దిగుతాయి. ఎవరూ రానివాళ్లని బయట టాక్సీలవాళ్లు చుట్టుముడతారు. ఎయిర్‌పోర్టు నుంచి నడిచే ఆర్టీసీ పుష్పక్ బస్సు జూబ్లీ బస్టాండు దాకా పోతుంది, అక్కణ్నుంచి కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ బస్సులుంటాయి. ఆ బస్సు ఆగేచోటు చూపిస్తే కొన్ని వేలు మిగిల్చినట్టే. నీకు కారు వచ్చి ఉంటుంది, ఐదు నిమిషాలు ఆగమని చెప్పు, ఆగుతారు.

సీటు గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ఇది చెకిన్ అప్పుడే చూసుకోవాలి. దోహా నుంచి హైదరాబాద్‌కి ఆన్‌లైన్‌లో సీట్లు ఎంచుకునేవాళ్లు ముందు వరుసలూ కిటికీలూ తీసేసుకుంటారు. కౌంటర్లో ఇచ్చింది తీసుకునేవాళ్లకి వెనక వరుసలు, మధ్య సీట్లు పడతాయి. నువ్వు వెనక ఒక కిటికీ సీటు తీసుకో. ఎక్కాక మధ్యలో కూర్చున్నతనికి కిటికీ ఇచ్చి నువ్వు జరుగు. మూడేళ్లో నాలుగేళ్లో తర్వాత పోతున్నవాడు శంషాబాద్ దీపాలు చూడాలనుకుంటాడు, అడగడానికి మొహమాటపడతాడు.